వేళకు అమరితేనే టైడీ



ఇవాళ మీతో ఒక చిన్న ఇంగ్లీషు మాట గురించి ముచ్చటించాలని వచ్చాను. పదో తరగతితో చదువు ఆపేసిన దానికి ఇంగ్లీషు గొడవ ఎందుకమ్మా అని నవ్వుకుంటారేమో! పాఠం చెప్పడానికి కాదండీ. ఆ మాట మా ఇంట్లో కొంచెం కన్నీరు పెట్టించింది. అందుకే దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకవలసి వచ్చింది.

ఆ మాట 'టైడీ'.

ఐదో తరగతి చదువుతున్న మా రెండో అమ్మాయి నోటు పుస్తకంలో టీచరుగారు ఎర్ర సిరాతో 'అన్‌టైడీ' అని రాశారు. అది చూడగానే నాకు తల కొట్టేసినట్టయింది. "ఇల్లు అద్దంలా పెట్టుకునేదాని కూతురివి, ఇదేం రాతే?" అని పిల్లని నానా మాటలూ అన్నాను. అది మారు మాట్లాడలేదు. ఆ తర్వాత ఎప్పుడు తెరిచి చూసినా పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో ముచ్చటగా ఉండేది. నేనూ మురిసిపోయాను.

పరీక్షలు వారం రోజులున్నాయనగా చదివిద్దామని కూచుంటే, వంద పేజీల పుస్తకం చేతికి పలచగా తగిలింది. చూస్తే సగం పాఠాలు లేవు! ఒక అక్షరం తప్పు పోయినా, చిన్న మరక పడినా ఆ కాగితం చింపి పారేసిందట. "కొట్టివేతలుంటే అన్‌టైడీ అని తిడతావు కదమ్మా" అంది బిక్కమొహం వేసుకుని. పుస్తకం శుభ్రంగానే ఉంది. చదువుకోవడానికి పాఠాలే లేవు!

మర్నాడు మధ్యాహ్నం పనయ్యాక డిక్షనరీలు ముందేసుకుని కూచున్నాను. తెలిసిన సంగతి వింటే మీరూ ఆశ్చర్యపోతారు.

'టైడ్' అంటే సముద్రపు ఆటుపోటు అని మనకు తెలుసు. పాత ఇంగ్లీషులో టైడ్ అంటే కాలం, వేళ. 'టైమ్ అండ్ టైడ్ వెయిట్ ఫర్ నో మ్యాన్' అని బళ్లో వల్లించాం చూశారూ, అందులో టైడ్ కూడా మొదట కాలమే. ఆ టైడ్ నుంచి పుట్టింది టైడీ. అంటే మొదట్లో దాని అర్థం వేళకు జరిగినది, అదనుకు వచ్చినది అని! పొందికగా సర్దినది అనే అర్థం ఆ తర్వాత చాలాకాలానికి వచ్చి చేరింది.

'నీట్' కథ వేరు. మెరిసేది అని అర్థమిచ్చే లాటిన్ మాట ఫ్రెంచి వాళ్ల నోట 'నెట్' అయి, ఇంగ్లీషులో నీట్ అయింది. పౌడరు డబ్బా మీద 'నెట్ వెయిట్' అని ఉంటుందే, అదీ ఆ కుదురుదే. డబ్బా బరువు పోను నికరమైన సరుకు అన్నమాట. తమాషా ఏమిటంటే, సొగసు అనే అర్థంలో మన తెలుగుకూ 'నీటు' అనే మాట వేరే ఉంది. బ్రౌన్ దొరగారు 1852లో అచ్చు వేయించిన నిఘంటువులోనే ఉంది. సోకు చేసుకు తిరిగేవాణ్ణి నీటుగాడు అనడం దాన్నుంచే.

మనం నీట్, క్లీన్, టైడీ మూడింటినీ ఒకే గాట కట్టేస్తాం. మంచం మీద కుప్ప పోసిన ఉతికిన బట్టలు క్లీనే కానీ టైడీ కావు. వరసగా పేర్చిన పుస్తకాల మీద దుమ్ముంటే అవి టైడీయే కానీ క్లీన్ కావు. కుచ్చిళ్లు తీరుగా వచ్చేలా చీర కట్టుకుంటే అది నీట్. ఇంకొకటి, 'ఎ టైడీ సమ్' అంటే బాగా పెద్ద మొత్తం. ఒకటో తారీఖు దాటాక ఆ టైడీ మాత్రం మా ఇంట్లో కనబడదు!

ఇదంతా చూశాక నాకు తోచిందిది. పొద్దున్న తొమ్మిదింటికి వంటింట్లో కూరల తొక్కులుంటే తప్పేముంది? అది పని జరిగే వేళ. సాయంత్రానికీ అక్కడే ఉంటే అప్పుడు అన్‌టైడీ. ఎవరైనా గుమ్మంలోకి రాగానే "ఇల్లంతా చిందరవందరగా ఉంది, ఏమనుకోకండి" అని మనం ఎందుకంత కుంచించుకుపోవాలి? నేర్చుకునే పిల్ల పుస్తకంలో తప్పులుండటం కూడా అలాంటిదే. నేర్చుకునే వేళకు కొట్టివేతలు సహజం.

పక్కింటి పిల్ల పుస్తకం అడిగి తెచ్చి, పోయిన పాఠాలన్నీ నేను చదువుతుంటే అమ్మాయి రాసుకుంది. తప్పు పోతే ఒకే ఒక్క అడ్డగీత గీసి ముందుకు సాగమన్నాను. మొదటి గీత గీసేటప్పుడు నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను.

ఇప్పుడు దాని పుస్తకంలో కొట్టివేతలున్నాయి. పాఠాలూ ఉన్నాయి. మీ పిల్లల పుస్తకాలు కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి, పలచబడ్డాయేమో!

సెలవు.