ఎస్‌ఎస్‌డీ వేసే ముందు ఒక్క నిమిషం: పులివెందుల లాప్‌టాప్ కథ

ప్రొద్దుటూరు నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశా. ఈమధ్య నాకొచ్చే మెసేజ్‌లలో సగం ఇదే ప్రశ్న. "అన్నా, సెకండ్ హ్యాండ్ బిజినెస్ లాప్‌టాప్ తీసుకున్నా. సాటా ఎస్‌ఎస్‌డీ వేయాల్నా, ఎన్‌వీఎంఈ వేయాల్నా?" ఈరోజు దానికి జవాబు చెప్తా. దాంతోపాటు నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తా. వీడియో చేయాలనుకుందే దానికోసం.

పులివెందులలో మా చిన్నాన్న ఉన్నాడు, అరటి తోట. ఆయన కూతురు, అంటే మా చెల్లి, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీకని ఒక పాత లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 కొన్నారు. ఇది 2018 మోడల్. ఆఫీసులు వాడి అమ్మేసిన ఇలాంటి లాప్‌టాప్‌లు బయట బాగా దొరుకుతాయి. గట్టి బాడీ, మంచి కీబోర్డు. కానీ అందులో ఉన్నది పాత 500 జీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చేసరికి టీ తాగి రావచ్చు. ఒక ఆదివారం ఇద్దరూ బస్సెక్కి దాన్ని నా దగ్గరికి తెచ్చారు. చిన్నాన్న అడిగింది ఒకటే మాట. "ఏమబ్బీ, ఇది బాగయ్యేదేనా, ల్యాకపోతే కొత్తది కొనాల్నా?"

కొత్తది అక్కర్లేదు చిన్నాన్నా అన్నా. ఎందుకో చెప్తా.

ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచా. మీరూ ఇదే చేయండి. డిస్క్ దగ్గర 100 శాతం కనిపిస్తూ, మెమరీ సగం ఖాళీగా ఉంటే సమస్య డిస్క్‌దే. మెమరీ నిండిపోయి ఉంటే ముందు ర్యామ్ వేయాలి. టీ480లో రెండు ర్యామ్ స్లాట్లు ఉంటాయి, అది పెద్ద ప్లస్. చెల్లి లాప్‌టాప్‌లో 8 జీబీ ఒకే స్టిక్ ఉంది, ఇంకో స్లాట్ ఖాళీ. సమస్య డిస్క్‌దే.

ఇప్పుడు ప్రాసెసర్. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే సపోర్ట్. టీ480 ఎక్కువగా 8వ తరంతోనే వచ్చింది కానీ, 7వ తరంతోనూ కొన్ని వచ్చాయి. కాబట్టి "ఐ5" అని స్టిక్కర్ చూసి డబ్బులు ఇచ్చేయొద్దు. పూర్తి నంబర్ చూడండి. 7తో మొదలైతే ఆలోచించుకోండి. చెల్లిది 8వ తరమే.

ఇక అసలు విషయం, స్లాట్లు. టీ480లో రెండు చోట్ల స్టోరేజీ పెట్టొచ్చు.

మొదటిది, హార్డ్ డిస్క్ ఉండే 2.5 అంగుళాల చోటు. ఇక్కడ సాటా ఎస్‌ఎస్‌డీ నేరుగా కూర్చుంటుంది. ఎన్‌వీఎంఈ పెట్టాలంటే వేరే అడాప్టర్ ట్రే కొనాలి, కేబుల్ కూడా సరిపోతుందో లేదో చూసుకోవాలి. పైగా ఈ చోటుకి పీసీఐఈ 3.0 లేన్లు రెండే వస్తాయి. సెకనుకు 3,500 ఎంబీ అని డబ్బా మీద రాసిన ఎన్‌వీఎంఈ కొన్నా, ఇక్కడ దాదాపు సగమే వస్తుంది. నాలుగు లేన్ల రోడ్డు మీద పోయే బండిని రెండు లేన్ల రోడ్డెక్కించినట్టు.

రెండోది, సిమ్ మోడెమ్ కోసం ఇచ్చిన చిన్న స్లాట్. ఇక్కడ 42 మిల్లీమీటర్ల పొడవుండే 2242 సైజు ఎన్‌వీఎంఈ పడుతుంది. అది కూడా రెండు గాట్లు ఉన్న రకమే. ఒకే గాటు ఉన్నది కొంటే లోపలికి పోదు.

నాలుగు లేన్లు కావాలంటే టీ480ఎస్‌లో ఉన్నాయి. కానీ అందులో ర్యామ్ కొంత బోర్డుకే అతికించి ఉంటుంది, బయట ఒక్కటే స్లాట్. ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసుకున్నారు.

మరి చెల్లికి ఏది? హార్డ్ డిస్క్ సెకనుకు వంద ఎంబీ అటూ ఇటూ. సాటా ఎస్‌ఎస్‌డీ దాదాపు 550. కోడింగ్, బ్రౌజర్, పీడీఎఫ్‌లు వాడే మనిషికి హార్డ్ డిస్క్ నుంచి సాటాకి మారినప్పుడు వచ్చే తేడా కళ్లకు కనిపిస్తుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి తేడా కనిపెట్టడం కష్టం. అందుకే సాటా తీసుకున్నాం.

జమ్మలమడుగులో నా ఫ్రెండ్ ఒకడు ఫొటోగ్రాఫర్, గండికోటలో ప్రీ వెడ్డింగ్ షూట్లు చేస్తాడు. వాడిదీ టీ480నే. వాడికి మాత్రం ఎన్‌వీఎంఈ చెప్పా. 100 జీబీ వీడియోను డిస్క్‌లో రాయడానికి 500 స్పీడులో మూడు నిమిషాల పైన, 1,500లో ఒక నిమిషం పైన. రోజూ చేసే పనైతే ఆ తేడాకి విలువ ఉంది. అయితే కెమెరా కార్డు నుంచి ఎక్కించేటప్పుడు కార్డు స్పీడే లిమిట్, అక్కడ ఏ ఎస్‌ఎస్‌డీ అయినా ఒకటే.

ఇప్పుడు నా తప్పు.

బాగా తెలిసినవాణ్ని కదా అని పాత డిస్క్ ఎలా ఉందో చూడకుండా నేరుగా క్లోనింగ్ పెట్టేశా. సగంలో ఆగిపోయింది. అప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచా. పసుపు రంగులో హెచ్చరిక. డిస్క్ చావుకి దగ్గరగా ఉంది. వెంటనే ఆపి, చెల్లి ప్రాజెక్టు ఫోల్డర్ చేత్తో కాపీ చేశా, వచ్చింది. తర్వాత ఇంకో ఫోల్డర్ చూపించింది. అందులో మా జేజి వీడియోలు. పోయినేడాది జేజి చనిపోయింది. చెల్లి తన ఫోన్లో తీసినవి అవి, మొత్తం 14. ఫోన్ నిండిపోయిందని లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్లో డిలీట్ చేసింది. 11 వచ్చాయి. 3 తెరుచుకోలేదు.

అవి ముందే పోయాయా, నేను పెట్టిన క్లోనింగ్ వల్ల పోయాయా, చెప్పలేను. కానీ ముందు డిస్క్ చూసి, ముఖ్యమైనవి మొదట తీసుకుని ఉంటే ఈ అనుమానం నాకు మిగిలేది కాదు. చెల్లి "పోనీలే అన్నా" అంది. చిన్నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

అందుకే మీరు ఈ వరుసలో చేయండి. ఒకటి, డిస్క్ ఆరోగ్యం చూడండి. రెండు, పోతే మళ్లీ రానివి ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. మూడు, బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. నాలుగు, ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లి, పవర్ సెట్టింగ్స్‌లో లోపలి బ్యాటరీని డిసేబుల్ చేయండి. చార్జర్, బయటి బ్యాటరీ తీసేయండి. ఆ తర్వాతే స్క్రూలు. ఐదు, డిస్క్ మంచిదైతే క్లోన్, అనుమానముంటే కొత్తగా విండోస్ వేసుకోండి.

ఇంకో మాట. ఎస్‌ఎస్‌డీలో డిలీట్ అయిన ఫైల్ వెనక్కి రావడం హార్డ్ డిస్క్ కంటే కష్టం. ఖాళీ అయిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. అంటే స్పీడు పెరిగినకొద్దీ బ్యాకప్ అవసరం కూడా పెరుగుతుంది. ఎన్‌వీఎంఈ మీద పెట్టకుండా మిగిలిన డబ్బుతో చెల్లికి ఒక బయటి హార్డ్ డిస్క్ కొన్నాం. ఇప్పుడు ఆ 11 వీడియోలు మూడు చోట్ల ఉన్నాయి: లాప్‌టాప్‌లో, ఆ డిస్క్‌లో, నా దగ్గర.

లాప్‌టాప్ ఇప్పుడు 20 సెకన్లలో ఆన్ అవుతోంది. చిన్నాన్న ఖుషీ.

లైక్, షేర్ తర్వాత. ముందు మీ ఫోన్ గ్యాలరీ తెరవండి. ఒకే చోట ఉన్న వీడియో, మళ్లీ తీయలేనిది, ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ఇప్పుడే ఇంకో చోటికి కాపీ చేయండి. మూవ్ కాదు, కాపీ. మళ్లీ కలుద్దాం.