ఆమె ముఖం, నా ఫోటో

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గోడమీద నేను తీసిన ఫోటోలు చూశారు. బాగున్నాయన్నారు. సంతోషం. కానీ ఇక్కడ పెట్టని ఒక ఫోటో గురించి మాట్లాడతాను. ఫోటోగ్రాఫర్‌గా నేనేమైనా ఎదిగి ఉంటే అది దాని వల్లే.

1996లో నిజామాబాద్ జిల్లాలో బీడీ కార్మికుల మధ్య తిరుగుతున్నాను. ఒక పెద్దావిడ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, తన కష్టం చెబుతూ ఏడ్చింది. నేను లేచి నిలబడి, పైనుంచి, ఆ కన్నీళ్లను తీశాను. ఫోటో పోస్టరుకెక్కింది. అందరూ మెచ్చుకున్నారు. ఏడాది తర్వాత మళ్లీ ఆ ఊరు వెళితే ఆమె అడిగింది: "ఏం బిడ్డా, నేను ఏడ్చిందే కనవడ్డదా నీకు? పీఎఫ్ కార్డు కోసం ఆఫీసు ముంగట కూసున్ననాడు యాడున్నవ్?"

నా దగ్గర జవాబు లేదు. హక్కుల కోసం పనిచేసే మనం కూడా, స్త్రీ ఏడిస్తేనే నలుగురూ వింటారని నమ్ముతున్నామా? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

అప్పటినుంచి పద్ధతి మార్చుకున్నాను. పైనుంచి తీస్తే మనిషి చిన్నగా, దీనంగా కనిపిస్తుంది. అందుకే చాప మీద ఎదురుగా కూర్చుని, ఆమె కళ్ల ఎత్తులో కెమెరా పెడతాను. ఫ్లాష్ మానేసి, గుమ్మంలోంచి వచ్చే వెలుతురులో తీస్తాను. అన్నిటికంటే ముందు, ఎలా తీయమంటారని అడుగుతాను. ఆ పెద్దావిడనూ అలాగే అడిగాను. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, పీఎఫ్ కార్డు చేత్తో పట్టుకుని కూర్చుంది. అంతకుముందైతే 'సహజంగా లేదు' అని వద్దనేదాన్ని. పేదరాలి చిరుగుల చీరే సహజమని నాకెవరు నేర్పారు?

ఇక పేరు సంగతి. మన దేశపు తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ హొమాయ్ వ్యారావాలా తొలిరోజుల్లో తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆమెకు పద్మవిభూషణ్ 2011లో గాని రాలేదు. కెమెరా వెనకున్న స్త్రీ పేరు పోతే బాధపడతాం. కెమెరా ముందున్న స్త్రీని మాత్రం 'ఒక కార్మికురాలు' అని రాసి ఊరుకుంటాం.

అయితే పేరు బయటపెట్టకూడని సందర్భాలూ ఉన్నాయి. అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరో తెలిసేలా ప్రచురించడం 1983లో చేర్చిన ఐపీసీ 228ఎ సెక్షన్ కింద నేరమైంది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్‌లో ఉంది. ముఖం మసక చేస్తే చాలదు. ఇంటి గుమ్మం, వీధి బోర్డు, చేతిమీది పచ్చబొట్టు కూడా ఆనవాళ్లే.

ఒకప్పుడు నెగెటివ్ నా పెట్టెలో ఉండేది. ఇప్పుడు ఫోటో ఫోన్లలో పడితే వెనక్కి రాదు. కాబట్టి ఒక్కసారి తల ఊపించుకుని దాన్నే అనుమతి అనుకోవద్దు. తీసే ముందు అడుగుదాం. తీశాక చూపించి అడుగుదాం. ఎక్కడ వేస్తామో, ఎవరెవరు చూస్తారో చెప్పి మళ్లీ అడుగుదాం. వద్దంటే మానేద్దాం. వేస్తే ఒక ప్రింటు ఆమె చేతికిద్దాం.

కన్నీళ్ల ఫోటో ఆమె వద్దంది కాబట్టి ఇక్కడ లేదు. చీర కట్టుకుని, కార్డు పట్టుకున్న ఫోటో ఆ చివర ఉంది. కింద ఆమె పేరుంది. ఆ పేరు ఆమె రాయమంటేనే రాశాను. వెళ్లేముందు ఒకసారి చూడండి.