గర్భసంచి జారటం సిగ్గు కాదు, చాకిరీ తెచ్చిన జబ్బు

(మండల దళిత మహిళా సభలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా భూమి గురించి, కూలిరేట్ల గురించి మాట్లాడుకున్నాం. నేను మాట్లాడబోయేదీ కూలి గురించే. ఆ కూలి కోసం మన ఆడవాళ్ళ ఒళ్ళు చెల్లిస్తున్న ధర గురించి. మగవాళ్ళు లేచి పోవద్దు. ఇది మీరూ వినాల్సిందే.

మన వాడల్లో ఆడవాళ్ళు చెవిలో చెప్పుకునే మాట ఒకటుంది: "కిందికి జారిందమ్మా." పొత్తికడుపు బరువుగా ఉంటది. పొద్దుగూకేసరికి ఏదో గడ్డ కిందికి దిగినట్టుంటది, పడుకుంటే లోపలికి పోతది. దగ్గినా తుమ్మినా గంప ఎత్తినా మూత్రం పడిపోతది. ఈ సంగతి మొగుడికి చెప్పరు, డాక్టరుకూ చెప్పరు. ఏ పాపం చేశానో అని తమ ఒంటినే తిట్టుకుంటారు.

ఇందులో పాపమూ లేదు, శాపమూ లేదు. నడుము ఎముకల అడుగున కండరాలు నులకమంచంలా అల్లుకొని ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, పెద్దపేగు చివర దాని ఆసరాతో నిలుస్తాయి. కాన్పులో ఆ నులక సాగుతుంది. విశ్రాంతి ఉంటే చాలావరకు మళ్ళీ బిగుస్తుంది. వరస కాన్పులు, గంటల తరబడి నొప్పులు, పచ్చిబాలింతగానే మోసిన బరువులు, మానని దగ్గు, మలబద్ధకం, వీటివల్ల వదులై కుంగిపోతుంది. ముట్లు ఆగిపోయాక ఇంకా బలహీనపడుతుంది. కలిగినవాళ్ళకూ ఈ జబ్బు వస్తుంది. కానీ వాళ్ళకు మంచంమీద పడుకునే రోజులున్నాయి. మనకు లేవు.

నేను ప్రభుత్వ టీచర్ని. నాలాంటివాళ్ళకు కాన్పుకి 180 రోజుల జీతంతో సెలవు. కూలికి పోయిన మా అమ్మకు ఒక్కరోజు లేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్ అంబేడ్కర్ లేచి నిలబడ్డారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి ఇవ్వటం దేశానికే మేలని, ఆ ఖర్చులో ప్రభుత్వం కూడా భారం మొయ్యాలని వాదించారు. 1961లో దేశమంతటికీ ప్రసూతి చట్టం వచ్చింది. 2017లో సెలవు 26 వారాలకు పెరిగింది. నాట్లేసే కూలిమనిషికి మాత్రం ఆ సెలవు ఈనాటికీ రాలేదు. మాతృవందన పథకం కింద మొదటి కాన్పుకు ఇచ్చేది 5,000 రూపాయలు. అది ఎన్ని రోజుల కూలో మీరే లెక్కేసుకోండి.

ఇక ధైర్యం చేసి ఆసుపత్రికి పోతే చాలాచోట్ల వినపడే మాట ఒకటే: "సంచి తీసేద్దాం." 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. ఇవన్నీ జారినందుకు చేసినవి కావు, ఎక్కువ భాగం రక్తస్రావం పేరుతో చేసినవి. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

ఆపరేషనే వద్దని నేననటం లేదు. పూర్తిగా బయటికి వచ్చేసినవాళ్ళకు అవసరం పడొచ్చు. అయితే సంచి తీసినంత మాత్రాన నులక బిగుసుకోదు. సరిగా ఆసరా కుట్టకపోతే తర్వాత మూత్రసంచీ జారొచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ముందే ఆగి ఎముకలు గుల్లబారతాయి. అందుకని సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎంత జారింది? ఆపరేషన్ లేకుండా దారి ఉందా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?

దారులున్నాయి. ఒకటి, లోపల పెట్టే రింగు. డాక్టరు కొలత చూసి పెడతారు. చెప్పిన గడువుకి పోయి చూపించుకోవాలి, శుభ్రం చేయించుకోవాలి. రెండోది వ్యాయామం. మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలి కండరాలను బిగించి, ఐదారు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. మూత్రం పోసేటప్పుడు మాత్రం చెయ్యొద్దు. కొద్దిగా జారినవాళ్ళకు, మూత్రం పడేవాళ్ళకు దీనివల్ల మేలు జరుగుతుంది. మూత్రం బిగుసుకుపోయినా, బయటికొచ్చింది లోపలికి పోకపోయినా, ముట్లు ఆగాక నెత్తురు కనపడినా ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి పోవాలి.

2023లో సుప్రీంకోర్టు, అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను ఆపటానికి కేంద్రం రాసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలుచెయ్యాలని చెప్పింది. జిల్లాస్థాయి పర్యవేక్షణ కమిటీలు అందులో ఉన్నాయి. మన జిల్లా కమిటీలో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు? ఈ రెండు ప్రశ్నలు రాసి కలెక్టరుగారి చేతిలో పెడదాం. మండల ఆసుపత్రికి వారానికొకసారైనా ఆడ డాక్టరు రావాలని, రింగు పెట్టే ఏర్పాటు ఉండాలని అడుగుదాం. కూలిమనిషికి కాన్పు తర్వాత ఆరు నెలలు కూలి ఇవ్వాలని అడుగుదాం.

అన్నలారా, మీతో ఒక మాట. ప్రభుత్వం ఇచ్చేలోపు మీరు ఇవ్వగలిగింది ఒకటుంది. బాలింత ఇంట్లో నీళ్ళబిందె, కట్టెలమోపు మీరెత్తండి. అదేం దానం కాదు, ఆమెకు మనం పడ్డ బాకీ.

అక్కలారా, ఊరికి ఇద్దరు చొప్పున పేర్లివ్వండి. ఆశా కార్యకర్తను కలుపుకొని ఇల్లిల్లూ తిరిగి, చెవిలో చెప్పుకున్న మాటను నోరు తెరిచి చెప్పిద్దాం. దాచుకుంటే జబ్బు ముదురుతుంది, చెప్పుకుంటే డిమాండ్ అవుతుంది.

జై భీమ్!