రికార్డు ప్లేయర్‌కి ముందు సూది మార్చండి

ఎడ్లపాడు చుట్టుపక్కల ఎవరింట్లోనైనా అటక మీద పౌరాణిక నాటక పద్యాల రికార్డులు, ఘంటసాల ఎల్పీలు ఉంటే దయచేసి పారేయకండి. ప్లేయర్‌ని బాగుచేసుకోవాలంటే మొదటి ఖర్చు సూది మీదే పెట్టండి. 78 స్పీడు లక్క రికార్డు గాడి వెడల్పు. దానికి సుమారు 75 మైక్రాన్ల మొన కావాలి. ఎల్పీకి 18 చాలు. ఎల్పీ సూదితో లక్క రికార్డు వేస్తే మొన గాడి అడుగున అటూఇటూ కదులుతుంది. గరగర పెరిగి, రాగం తీసే చోట గొంతు మసకబారుతుంది.

ఇక వేలు పోసి కొనే కరెంటు తీగల సంగతి. స్పీకర్లో గుయ్‌మనే హోరు చాలాసార్లు ఎర్త్ లోపమే. ప్లేయర్ వెనక ఉండే సన్నటి ఎర్త్ తీగను ఆంప్లిఫయర్‌కి గట్టిగా బిగించండి. ఖరీదైన కరెంటు తీగ ఆ హోరుని పోగొట్టదు. ఇంటి ఎర్తింగ్‌ని ఒకసారి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.