రైలు కూత – కడుపులోని బిడ్డ

మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, బల్లార్షాలో రైల్వే గుమాస్తాగిరీ చేయువారము. వైద్యమును గూర్చి మాట్లాడుట సాహసమే. అందుచే మాకు తెలిసిన రైలు కూతతోనే మొదలుపెట్టెదము.

బండి మనవైపు వచ్చునప్పుడు కూత హెచ్చు శ్రుతిలో వినబడును. దాటిపోగానే శ్రుతి దిగును. దీని సూత్రమును 1842లో డాప్లర్ అను ఆస్ట్రియా పండితుడు చెప్పినాడు. 1845లో హాలెండులో బైస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు బాకాలూదువారిని రైలుబండి ఎక్కించి, పట్టాల ప్రక్కన సంగీతము తెలిసినవారిని నిలిపి, అది నిజమని తేల్చినాడు. శాస్త్రమునకు రైల్వే చేసిన ఈ ఉపకారము మా ఆఫీసులో ఎవరికిని తెలియదు!

ఆ సూత్రమే నేడు స్కానింగు యంత్రములో ఉన్నది. మన చెవికి వినబడని ధ్వనిని, సెకనుకు లక్షల కంపనములు గలదానిని, కడుపులోనికి పంపుదురు. పారెడు రక్తకణములకు తగిలి మరలివచ్చునప్పుడు దాని శ్రుతి ఎంత మారినదో చూచి, యంత్రము నెత్తురు వేగమును లెక్కకట్టును. బిడ్డ మెదడుకు పోవు ఒక ముఖ్య రక్తనాళమును ఇట్లు పరీక్షింతురు.

ఇందొక వింత గలదు. మాయ సరిగా పోషింపనప్పుడు బిడ్డ శరీరము ఉన్న కొద్ది ప్రాణవాయువును మెదడుకు మళ్లించును. మెదడు నాళములు వెడల్పగును. గుండె విశ్రమించు క్షణమున కూడ నెత్తురు ధారాళముగా పోవును. పొట్ట మాత్రము చిక్కును. కరవులో తల్లి తాను మాని పిల్లలకు పెట్టినట్లే ఇదియు. తలకొలత బాగున్నదని మనము మురిసిపోవుదుము. లోపల బిడ్డ ఆకలితో ఉండవచ్చును.

అందరికిని ఈ పరీక్ష అక్కరలేదు. కడుపు నెలకు తగినట్లు పెరుగనప్పుడు, తల్లికి రక్తపుపోటు హెచ్చినప్పుడు డాక్టరు చెప్పిన చేయింపవలెను. ఆడో మగో అడుగుట, చెప్పుట 1994 చట్టము ప్రకారము నేరము. బిడ్డ పెరుగుచున్నదా అని అడుగుడు.

మా చెల్లెలిని సిరోంచకు ఇచ్చినాము. కాళేశ్వరమునకు ఎదుటి ఒడ్డు. ఇంటి మాట తెలుగు, కచేరీ కాగితము మరాఠీ, జిల్లా కేంద్రమైన గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్లకు పైమాట, రైలు లేదు. తొలి కాన్పున అయిదవ నెల స్కానింగులో అంతయు బాగున్నదన్నారు. ఎనిమిదవ నెలలో కడుపు పెరుగలేదు, మరల చూపించుడని నర్సమ్మ చెప్పినది. "ఒకసారి చూపించితిమి గదా, ఆ కుదుపుల బస్సులో మరల ఎందుకు?" అన్నది మేమే. బిడ్డ దక్కలేదు. చూపించిన దక్కెడిదా అని మేము ఎవరిని అడుగలేదు.

రెండవసారి వంతెన దాటించి తెలంగాణవైపు మూడుమార్లు తీసికొనిపోయినాము. మూడవమారు డాక్టరమ్మ మెదడు నాళపు గీతలను, బొడ్డుతాడు గీతలను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, ఇక ఆగరాదన్నది. మరునాడే ఆపరేషను. పిల్ల రెండు కిలోలు కూడ తూగలేదు. ఇప్పుడు బడికి పోవుచున్నది.

సిరోంచవైపునుండి చంద్రపూరు ఆసుపత్రికి వచ్చువారికి రాత్రి దిగుటకు చోటు దొరకనిచో, మా క్వార్టరు స్టేషనుకు దగ్గరనే ఉన్నది. గది ఒక్కటే; చాపలు రెండున్నవి.