వాన కూల్చిన స్తూపం

సంగారెడ్డి సమీపంలోని కొండాపూర్ దిబ్బల్లో 1940ల తొలినాళ్లలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపినప్పుడు శాతవాహన నాణేలతోపాటు ఇటుక స్తూపం, చైత్యం అనే ఆరాధనా మందిరం, విహారం అనే భిక్షువుల నివాసం ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇలాంటి శిథిలాలను తిరిగి లేపి నిలబెట్టడం ఎంత కష్టమో విశాఖపట్నం సమీపంలోని తొట్లకొండ తెలుపుతుంది.

వాననీటిని నిల్వచేయడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ పేరు పొందిన ఈ విహారంలో 1988–93 మధ్య తవ్వకాలు జరిగాయి. మిగిలిన పీఠంపై ఇటీవలి కాలంలో తిరిగి కట్టిన మహాస్తూపం 2019 అక్టోబరు భారీ వర్షాలకు పాక్షికంగా కూలిపోయింది. ఒడిసిపట్టిన వానతోనే బతికిన విహారానికి చివరకు వానే ముప్పు కావడం విచిత్రమే. స్తూపపు గుండ్రని భాగమైన అండంలోకి నీరు ఇంకితే లోపలి మట్టి బరువెక్కి, ఇటుకల పైపొరను బయటికి నెడుతుంది. కాబట్టి నీరు బయటికి పోయే దారి చూడనిదే ఎంత చక్కని ఇటుకపనీ నిలవదు. కూలిన మహాస్తూపాన్ని తర్వాత మళ్లీ కట్టారు. ఇటువంటి పనుల్లో కొత్తగా చేర్చిన భాగం పాతదానితో పొసగుతూనే, వేరుగా గుర్తుపట్టేలా ఉండాలని చారిత్రక కట్టడాల పరిరక్షణపై 1964 నాటి వెనిస్ నియమావళి నిర్దేశిస్తుంది.