ఇంటి అలమారలో చంద్రమండలము

గత సంక్రాంతికి ముందు మా యింటి గోడలకు రంగు వేయింపవలసివచ్చి, ముందుగదిలోని పెద్ద అలమారను జరిపితిమి. అందులోని సరుకంతయు చాపమీదికి దిగినది. 40 దాకా వి.హెచ్.ఎస్. కాసెట్లు, 100కు పైగా డి.వి.డి.లు, కొన్ని బ్లూరే డిస్కులు. వానిలో సగమునకు మించి రెండు తెగల చిత్రములే. గ్రహాంతరయానములు, కాలయంత్రములు, యంత్రమానవులు గల వైజ్ఞానిక కల్పన చిత్రములు ఒక తెగ. ఆకాశమున ఎగిరి లోకమును కాపాడు సూపర్ హీరోల చిత్రములు రెండవ తెగ. ఇంటర్మీడియటు చదువుచున్న మా అబ్బాయి ఆ రాశిని చూచి, "నాన్నగారూ! ఇవన్నీ ఫోనులో దొరుకుతాయి గదా, ఈ డబ్బాలను ఇంకా ఎందుకు మోయడం?" అని అడిగినాడు. ఆ సమయమునకే వీథిలో పాత సామానులవాని కేక వినవచ్చుచున్నది.

ప్రశ్న న్యాయమైనదే. వానికి ఆనాడు వెంటనే చెప్పలేకపోయిన సమాధానమును ఈనాడు శ్రోతల యెదుట చెప్పుకొందును.

ఈ తెగ చిత్రములను పెద్దలు చిరకాలము పిల్లల తమాషాలుగానే ఎంచిరి. తమాషా అనుకొనిన వస్తువును ఎవరును పెట్టెలో పెట్టి తాళము వేయరు. అందుచేతనే వీని చరిత్రలో పోగొట్టుకొనిన కథలు మెండు. పోయినవి మరల దొరికిన కథలును కొన్ని గలవు. దొరికిన చోటు పలుమారులు నిర్మాతల గిడ్డంగి కాదు, ఎవరో యొక అభిమాని దాచుకొనిన డబ్బా.

మొదటి కథ చంద్రునిది. ఫ్రాన్సు దేశమున జార్జి మెలియె అను ఇంద్రజాలికుడు 1902లో ‘చంద్రలోక యాత్ర’ అను చిత్రమును తీసినాడు. సుమారు పావుగంట చిత్రము. పెద్ద ఫిరంగినుండి పేల్చిన గుండులో పండితులు కూర్చుండి చంద్రునికి పోవుదురు. ఆ గుండు పోయి చంద్రుని కంటిలో గ్రుచ్చుకొనును. ఆ బొమ్మను చూడనివారు అరుదు. మెలియె 500కు పైగా చిత్రములు తీసినాడు. కాని కాలము మారి ఆయన వ్యాపారము చితికిపోయెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆయన ఫిల్ములను అనేకములను కరగించి, అందలి వెండిని తీసికొని, మిగిలిన పదార్థముతో బూట్ల మడమలు చేసిరట. 1923లో ఆయన నాటకశాలను పడగొట్టినప్పుడు, మిగిలిన నెగెటివులను దుఃఖముతో తానే తగులబెట్టెను. తరువాత పారిస్ నగరములో ఒక రైల్వేస్టేషనులో ఆటబొమ్మల దుకాణము నడుపుకొనినాడు.

ఆ చంద్రలోక యాత్రకు ఒక్కొక్క బొమ్మకును చేతితో రంగులద్దిన ప్రతి యొకటి యుండెడిదని చెప్పుకొనుటయే గాని, చూచినవారు లేరు. 1993లో పేరు చెప్పుకొనని దాత యొకరు బార్సిలోనాలోని ఫిల్ము భాండాగారమునకు కొన్ని పాత చుట్టలను ఇచ్చిరి. వానిలో ఈ ప్రతి యున్నది. కాని ఫిల్ము పొరలు ఒకదానితో నొకటి అతుకుకొని గట్టి ముద్దయై యుండెను. నిపుణులు ఏండ్ల తరబడి ఓర్పుతో పొరలను విడదీసిరి. తుదకు 2011లో కాన్ చిత్రోత్సవములో ఆ రంగుల చంద్రుడు మరల వెలిగెను. ఆ దాత యెవరో లోకమునకు తెలియదు. ఆయన ఆ చుట్టలను పారవేసియున్నచో ఆ రంగులు మనకు లేవు.

రెండవ కథ జర్మనీలో మొదలై దక్షిణ అమెరికాలో ముగియును. ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వమున ‘మెట్రోపొలిస్’ 1927 జనవరిలో బెర్లిన్‌లో ప్రదర్శితమయ్యెను. నేలపైని మేడలలో ధనికులు, నేలక్రింద యంత్రములకు బానిసలైన శ్రామికులు, వారిని మోసగించుటకు స్త్రీరూపమున చేసిన యంత్రమానవి, ఇది అందలి కథ. చిత్రము మిక్కిలి దీర్ఘముగా నున్నదని పంపిణీదారులు కత్తిరించిరి. కత్తిరించిన నాలుగవ వంతు శాశ్వతముగా పోయినదనియే అందరును తలచిరి. ఎనుబదియేండ్లు గడచిన పిమ్మట, 2008లో, అర్జెంటీనా రాజధాని బ్వేనస్ ఏరీస్‌లోని సినిమా మ్యూజియములో దాదాపు పూర్తి చిత్రము బయటపడెను. కత్తిరింపునకు పూర్వపు ప్రతి యొకటి ఆ దేశమునకు పోయినది. దానిని మాన్యుయెల్ పెన్యా రోడ్రిగెజ్ అను చిత్రవిమర్శకుడు సంపాదించి తన సొంత సేకరణలో ఉంచుకొనినాడు. దానినుండి తీసిన 16 మిల్లీమీటర్ల నకలు చేతులు మారి మ్యూజియము చేరినది. పోయినవనుకొనిన భాగములలో సుమారు 25 నిమిషములు దానివలన లభించినవి. 2010లో సవరించిన చిత్రమును చూచువారికి ఆ భాగములు వెంటనే తెలియును; వానిపై గీతలు వానచినుకులవలె కురియుచుండును. ఆ గీతలను చూచినపుడెల్ల నాకు ఆ సేకర్తకు నమస్కరింపవలెనని తోచును.

మూడవ కథ మా వంటి ప్రసార వృత్తిలోనివారు తలవంచుకొని చెప్పవలసినది. బ్రిటన్‌లో బి.బి.సి. 1963 నవంబరు 23న ‘డాక్టర్ హూ’ అను టెలివిజన్ ధారావాహికమును ప్రారంభించెను. కాలములో ముందునకు వెనుకకు ప్రయాణము చేయు వింతమనిషి కథ అది. ఆ రోజులలో టేపు మిక్కిలి ఖరీదు. ఒకసారి ప్రసారమైన దానిని జనులు మరల ఇంటిలో కొని చూతురని ఎవరును ఊహింపలేదు. కనుక పాత భాగములను చెరిపివేసి టేపులను తిరిగి వాడుకొనిరి. 1960ల నాటి భాగములలో 90కి పైగా చిత్రరూపమున నేటికిని దొరకలేదు. అయినను ఆ భాగములన్నింటి శబ్దము మాత్రము మిగిలినది. ఎట్లనగా, ఇండ్లలోని కుఱ్ఱవాండ్రు టెలివిజన్ ఎదుట టేపు రికార్డరు పెట్టి, ఇంటిలో ఎవరును దగ్గకుండ చూచుకొని, తమ సంతోషమునకై ఆ ధ్వనిని పట్టియుంచిరి. సంస్థ చెరిపినదానిని సంసారులు నిలిపిరి.

అయితే ఆ సంస్థను నిందించు అధికారము నాకు లేదు. కారణము మా అలమారలోని మొదటి కాసెట్టు.

1992లో నాకు పండ్రెండేండ్లు. అంతకు రెండేండ్ల క్రిందట మా అక్కయ్య వివాహమును వీడియో తీయించియుండిరి. ఒక ఆదివారము టెలివిజన్‌లో సూపర్ హీరో చిత్రమొకటి వచ్చుచున్నదని తెలిసి, చేతికందిన కాసెట్టును వి.సి.ఆర్.లో పెట్టి రికార్డు చేసితిని. కాసెట్టు అంచున చిన్న ప్లాస్టిక్ పలుకు ఒకటి యుండును. దానిని విరిచినచో దానిపై మరల రికార్డు కాదు. మా యింటిలో ఆ సంగతి ఎవరికిని తెలియదు. నేను చెరిపినది పెండ్లి కాసెట్టు. మా తాతగారు కదలుచు, మాటలాడుచు కనిపించు బొమ్మ అదొక్కటే. వారు అప్పటికే గతించిరి. నాన్నగారు నన్నొక మాటయైన అనలేదు. ఆ పూట భోజనమునకు మాత్రము లేవలేదు.

చిత్రము ముగిసిన తరువాత టేపు చివర తొమ్మిది నిమిషముల పెండ్లి మిగిలినది. రెండు గంటలసేపు వీరుడు ఆకాశమున ఎగిరిన మీదట, తెర ఒకసారి చెదరి, అప్పగింతల వేళ తాతగారు కండువాతో కన్నులొత్తుకొనుట కనిపించును. నా సేకరణ అట్లు మొదలైనది. వస్తువులను దాచవలెనను బుద్ధి నాకు చెరిపిన చేతితోనే వచ్చినది.

ఇక "ఫోనులో దొరుకును" అను మాటను విచారింతము. దొరకుట నిజమే. కాని చందా కట్టి చూచు చిత్రము మనది కాదు. హక్కుల ఒప్పందము ఉన్నంతకాలము అది అచట ఉండును. గడువు తీరిన దినమున చెప్పకయే తొలగిపోవును. అదిగాక, ఏ రూపము దొరకునన్నది మరియొక ప్రశ్న. రిడ్లీ స్కాట్ తీసిన ‘బ్లేడ్ రన్నర్’ 1982లో విడుదలయ్యెను. దర్శకుని కిష్టములేని వ్యాఖ్యానమును, సుఖాంతమును అందులో చేర్చిరి. 1992లో ఒక రూపము, 2007లో తుది రూపము వచ్చినవి. ఆ 2007 నాటి డిస్కుల పెట్టెలో ఐదు రూపములు పక్కపక్కన ఉన్నవి. మనిషికిని యంత్రమానవునికిని భేదమెక్కడ అను ప్రశ్నకు ఒక్కొక్క రూపము ఒక్కొక్క విధముగ బదులు చెప్పును. 1977 నాటి ‘స్టార్ వార్స్’ను దర్శకుడు జార్జి లూకాస్ 1997లో మార్పులతో తిరిగి విడుదల చేసెను, తొలిరూపమును కోరువారు 2006లో అనుబంధముగా వచ్చిన డి.వి.డి.ని ప్రాణప్రదముగా దాచుకొనిరి.

సూపర్‌మాన్ కథయును ఇట్టిదే. రేడియో శ్రోతలకు ఆయన పరాయివాడు కాడు. 1938లో బొమ్మల కథగా పుట్టి, 1940లో అమెరికా రేడియోలో ధారావాహికమయ్యెను. ఆయనను నిర్వీర్యుని చేయు క్రిప్టోనైట్ అను రాయి 1943లో మొదట రేడియోలోనే వినిపించినది. బొమ్మల కథలోనికి 1949లో గాని రాలేదు. 1941లో ఫ్లైషర్ సోదరులు తీసిన కార్టూన్ చిత్రములలో సూపర్‌మాన్‌కు గొంతునిచ్చినవాడును రేడియో నటుడు బడ్ కాల్యరే. తరువాత 1978లో రిచర్డ్ డోనర్ క్రిస్టఫర్ రీవ్‌తో పెద్ద చిత్రమును తీసెను. రెండవ భాగమును కూడ చాలవరకు తీసియుండగా నిర్మాతలు ఆయనను తప్పించి, రిచర్డ్ లెస్టర్‌చేత పూర్తి చేయించి 1980లో విడుదల చేసిరి. డోనర్ తీసిన ముక్కలు మూలపడియుండెను. అభిమానులు ఏండ్ల తరబడి అడుగగా, 2006లో ఆయన రూపము డిస్కుగా వచ్చినది. తీయకమిగిలిన ఒక సన్నివేశమునకు బదులు, పాత్రకు ఎంపిక చేయు సమయమున తీసిన పరీక్షా చిత్రమునే అందులో అతికించిరి. అతుకు కనిపించును; అయినను మనసునకు తృప్తి కలుగును.

సేకరణలోను మంచిచెడ్డలు గలవు. ఈ సంగతిని మన తెలుగు చిత్రమే చక్కగ చెప్పినది. సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో తీసిన ‘ఆదిత్య 369’కు హెచ్.జి. వెల్స్ 1895లో వ్రాసిన కాలయంత్రపు నవల ప్రేరణ. అందలి యంత్రము నాయకుని కృష్ణదేవరాయల కాలమునకు, అక్కడినుండి 2504వ సంవత్సరమునకు కొనిపోవును. అమ్రీష్ పురి ధరించిన ప్రతినాయకుడెవరు? పురావస్తువులను దొంగిలించి, పరులెవరును చూడకుండ తన కోటలో దాచుకొను సేకర్త. అతనికిని అర్జెంటీనా విమర్శకునికిని గల భేదమే మనము నేర్వవలసినది. ఒకడు లోకమునుండి తీసి దాచినాడు. ఒకడు లోకము కొఱకు దాచినాడు. దొంగప్రతులు కొనుటయు, ఇంటినిండ నింపి ఎవరికిని చూపకుండుటయు సేకరణ అనిపించుకొనవు.

కనుక చూచుటయు సేకరణలో భాగమే. నెలకొక శనివారము రాత్రి మా యింటిలో ఒక చిత్రమును వేయుదుము. పొరుగింటి పిల్లలును వత్తురు. ముగిసిన తరువాత ఒక్క ప్రశ్న అడుగుదుము: ఈ చిత్రము దేనికి భయపడుచున్నది? మెట్రోపొలిస్ యంత్రమునకు భయపడును. ఆదిత్య 369 రాబోవు యుద్ధమునకు భయపడును. సూపర్ హీరోల చిత్రములు బలము కలవాడు దానిని దేనికి వాడునో యని భయపడును. తన బలము తానెఱుగని హనుమంతుని కథ విని పెరిగిన పిల్లలకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 2024లో ప్రశాంత్ వర్మ తీసిన ‘హను-మాన్’ను చూచిన రాత్రి వారికి నిద్రవేళ గుర్తురానేలేదు.

ఇక భద్రపఱచు విధము. కాసెట్టులను పుస్తకములవలె నిలువుగా పెట్టవలెను. తేమయు, ఎండయు, స్పీకరు వంటి అయస్కాంతమును దగ్గరకు రానీయరాదు. టేపుపై తెల్లని బూజు కనిపించినచో దానిని యంత్రములో పెట్టరాదు. తెలిసినవారిచేత శుభ్రము చేయింపవలెను. వి.సి.ఆర్.లను తయారుచేయు చివరి జపాను కంపెనీ 2016లో ఆ పని మానివేసినది. కనుక ఇంటి వేడుకల కాసెట్టులను కంప్యూటరులోనికి ఎక్కించుటకు ఆలస్యము తగదు. డిస్కును అంచులతో పట్టుకొనవలెను. ఎక్కించినదానికి రెండు ప్రతులుండవలెను. అందొకటి వేరొక యింటిలో నుండవలెను. ఏ పెట్టెలో ఏమున్నదో ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను.

ఆనాడు మా అబ్బాయికి ఇన్ని మాటలు చెప్పలేదు. పెండ్లి కాసెట్టును యంత్రములో పెట్టి, చిత్రమును జరిపి, చివరి తొమ్మిది నిమిషములను చూపితిని. వాడు ముత్తాతగారిని చూచుట అదే మొదలు. మరునాడు వాడే ఆ కాసెట్టును కంప్యూటరులోనికి ఎక్కించి, ఒక ప్రతిని మా అక్కయ్యకు పంపెను. పాత సామానులవాడు మరల వచ్చినపుడు అట్టపెట్టెలు మాత్రము ఇచ్చి పంపితిమి. శ్రోతలు కూడ ఈ వారములో ఒకసారి తమ యింటి అలమార తెరచి, కాసెట్టు అంచున ఆ చిన్న పలుకు ఇంకను ఉన్నదేమో చూతురుగాక. ఉన్నచో విరిచివేయుడు.